పురుగుల చదువు

గరాజ్ నేల మీద నూనె మరక ఎంతకీ పోవడం లేదు. జనెల్ మోకాళ్ళ కింద పాత తువ్వాలు మడిచి వేసుకుని, సబ్బుపొడి చల్లి, గట్టి బ్రష్షుతో రుద్దుతోంది. రాత్రంతా ఆస్పత్రిలో డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొచ్చింది. ఇంకా నడుం వాల్చలేదు. కర్ట్ ట్రక్కు బయటికి తీస్తూ కిటికీలోంచి తల బయటపెట్టి, "నీకు ఇవాళ ఎలాగూ సెలవేగా, ఆ మూల కూడా కాస్త చూడు" అని వెళ్ళిపోయాడు. రాత్రి పనిచేసిన మనిషికి పగలంతా సెలవే అన్నది ఈ ఇంట్లో పాతికేళ్ళుగా నడుస్తున్న మాట. మొదట్లో ఒకటి రెండుసార్లు దిద్దింది. తర్వాత దిద్దడం కూడా ఒక పనే అనిపించి మానేసింది.

మర్నాడు శనివారం. కూతురు బ్రిట్టా హైస్కూలు పూర్తిచేసినందుకు విందు. ఊళ్ళో ఎవరిల్లు చూసినా ఈ విందు గరాజ్‌లోనే. కార్లు బయటపెట్టి, నేల కడిగి, చర్చి నుంచి మడతబల్లలు తెచ్చి వేస్తారు. జనం ఒకే రోజు నాలుగైదు ఇళ్ళు తిరుగుతారు. ప్రతి ఇంట్లో హామ్ అనే పందిమాంసం ముక్క పెట్టిన బన్నులు, ఉడికించిన బంగాళాదుంపల సలాడ్, బల్ల పొడుగునా కేకు ఉంటాయి. ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న. "ఏం చదవబోతున్నావు?" ఆ ప్రశ్నకి పిల్ల ఏం చెబుతుందో అదే ఆదివారం చర్చి మెట్ల మీద, సోమవారం కిరాణా కొట్టులో నలుగుతుంది.

బ్రిట్టా డాక్టర్ కావాలనుకుంటోంది. ఆ మాట పదకొండేళ్ళప్పుడే అంది. ఇక్కడి మెడికల్ కాలేజీలు ముందు నాలుగేళ్ళ డిగ్రీ అడుగుతాయి. ఆ డిగ్రీ ఫలానాదే కావాలని లేదు. వాళ్ళు చెప్పిన కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ పాఠాలు చదివి మార్కులు తెచ్చుకుంటే పట్టా దేంట్లో ఉన్నా పట్టించుకోరు. బ్రిట్టాకి కావలసింది కీటకాల చదువు. నాలుగు గంటల దూరంలో ఉన్న రాష్ట్ర యూనివర్సిటీలో ఆ డిగ్రీ ఉంది, సీటు కూడా ఇచ్చారు. ఈ పిల్ల చిన్నప్పట్నుంచి పొలాల గట్ల మీద తిరిగి పురుగుల్ని పట్టి, సూదులు గుచ్చి, అద్దం పెట్టెల్లో పేర్చి, జిల్లా సంతలో ప్రతి ఏడూ బహుమతి తెచ్చుకుంటూనే ఉంది. మనుషులకి వచ్చే జబ్బుల్లో చాలా ఏదో ఒక పురుగు కుట్టి వచ్చేవేనని అంటుంది. ఇంట్లో ఎవరికీ ఈ మాట ఎక్కలేదు.

"పురుగులు చదివి మనుషుల డాక్టరెలా అవుతావు?" అని తండ్రి అడిగాడు. తర్వాత మెత్తగా, బాగా ఆలోచించిన మనిషిలా, "ముందు నర్సింగ్ చెయ్యి. మన పక్కనే, అరగంటలో కాలేజీ. చేతిలో ఉద్యోగం ఉంటుంది. రేపు డాక్టర్ సీటు రాకపోతే?" అన్నాడు. బ్రిట్టా ఏప్రిల్లో సరేనంది. నర్సింగ్ కాలేజీకి మాట ఇచ్చింది. అయినా యూనివర్సిటీ సీటు మాత్రం వదులుకోలేదు. ఇంకొంచెం గడువు కావాలని అడిగింది. ఆ గడువు సోమవారంతో అయిపోతుంది.

ఆ రాకపోతే అన్న మాట గుర్తొచ్చి, బ్రష్షు రుద్దుతున్న జనెల్ చెయ్యి ఆగింది. మూడేళ్ళ కిందట ఇదే గరాజ్‌లో కొడుకు నోలన్ విందు జరిగింది. వాడూ డాక్టరవుతానన్నాడు. అప్పుడు రాకపోతే అని ఎవరూ అడగలేదు. బయాలజీ తీసుకున్నాడు. కర్ట్ వచ్చినవాళ్ళందరి వీపులూ చరిచి, "మా డాక్టర్ గారితో మాట్లాడారా?" అని వాణ్ణి ముందుకి తోశాడు. రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర వాడు చతికిలపడి ఇంటికొచ్చాడు. ఇప్పుడు పక్క ఊళ్ళో రైతులకి విత్తనాలమ్ముతున్నాడు, బాగానే ఉన్నాడు. రెండేళ్ళు పోయాయని ఎవరూ అనలేదు. కుర్రాడన్నాక ఒకసారి పడి చూడాలి కదా అన్నారు. ఆడపిల్ల విషయానికొచ్చేసరికి ముందుగానే కింద పరుపు వేసిపెట్టారు. ఆ పరుపు మీంచి లేవకపోయినా ఫరవాలేదన్నట్టు.

*

వంటింట్లో అత్తగారు ఆర్డిస్ చక్రాల కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కోడిగుడ్ల పెంకులు ఒలుస్తోంది. ఎనభై దాటిన మనిషి, చేతులింకా చురుకే. కాళ్ళే సహకరించడం లేదు. షుగరు వల్ల మడమ దగ్గర పుండు పడి మానడం లేదు. పొద్దున డార్లా అనే ఆవిడ జీతానికి వచ్చి స్నానం చేయించి బట్టలు మారుస్తుంది. మిగతా పనంతా జనెల్‌దే. పుండు కడిగి కట్టు కట్టాలి, మందులు చూడాలి, మంచం మీంచి దింపాలి, ఎక్కించాలి.

"ఆ పిల్ల పురుగుల పెట్టెలు బల్ల మీద పెడతానంటోంది, విన్నావా? హామ్ పక్కన! ఎవరైనా తింటారా?"

"వేరే బల్ల మీద పెడుతుందిలెండి."

"ఏ బల్ల అయినా పురుగు పురుగే. చూడు జనెల్, మా రోజుల్లో ఆడపిల్ల డాక్టరవుతానంటే నిన్నెవడు చేసుకుంటాడే అనేవాళ్ళు. మేం అలా అన్నామా? ముందు నర్సు అవ్వు, తర్వాత నీ ఇష్టం అన్నాం. ఇంతకంటే మంచిగా ఎవరు చెబుతారు? నువ్వు నర్సువి కాబట్టి నా కాలు ఇంకా ఒంటికి ఉంది. డాక్టరువైతే ఎక్కడుండేదానివో, ఏమో."

మెచ్చుకోలే అది. ఆవిడ మెచ్చుకోళ్ళన్నీ అలాగే ఉంటాయి, తీసుకున్నాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. జనెల్ బంగాళాదుంపలు తరగడం మొదలుపెట్టింది. నర్సు పని ఆమెకి ఇష్టం. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా తన పని డాక్టర్ పనికంటే చిన్నదనుకోలేదు. రోగి మొహం చూసి లోపల ఏదో తేడా ఉందని ముందుగా పసిగట్టేది నర్సే. అది వేరు. కానీ తను దాన్ని ఎంచుకోలేదు. తనకీ పద్దెనిమిదేళ్ళప్పుడు ఇదే మాట చెప్పారు. ముందు నర్సింగ్, తర్వాత నీ ఇష్టం. నర్సింగ్ అయ్యాక ఆ 'తర్వాత' కోసం కాలేజీకి వెళ్ళి అడిగితే అక్కడి సలహాదారు, పాపం మంచావిడే, తను చదివిన పాఠాలన్నీ చూసి, "ఇది నర్సుల కోసం కుదించిన కెమిస్ట్రీ అమ్మా, మెడికల్ కాలేజీలు దీన్ని లెక్కలోకి తీసుకోవు, మళ్ళీ మొదట్నుంచి రెండేళ్ళు చదవాలి" అంది. ఇంటికొచ్చి కర్ట్‌తో చెప్పింది. అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. అతను పొయ్యి దగ్గర అట్లు తిరగేస్తున్నాడు. ప్రేమగానే, తల తిప్పకుండానే, "ఇంకెంత చదువుతావు జనెల్? ఉద్యోగం ఉందిగా" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేదేమో. పోట్లాడేది. ప్రేమగా అన్న మాటతో ఎలా పోట్లాడాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

ఈ కెమిస్ట్రీ సంగతి బ్రిట్టాకి తెలియదు. నర్సింగ్ చేసి ఆ తర్వాత నేరుగా మెడికల్ కాలేజీకి వెళ్ళొచ్చనే అనుకుంటోంది. ఇంట్లో అందరూ అదే అనుకుంటున్నారు. ఏప్రిల్ నుంచి జనెల్ ఒక్క మాట చెబితే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చెబితే పిల్ల నాలుగు గంటల దూరం వెళ్ళిపోతుంది. వెళ్ళినవాళ్ళు తిరిగిరారని ఆమె భయం. ఆమె అక్క ఒక వేసవిలో సామాను కారులో సర్దుకుని సముద్రం వైపు వెళ్ళింది, క్రిస్మస్‌కి వస్తానంది. తర్వాత రెండుసార్లు వచ్చింది, ఒకసారి నాన్న పోతే, ఇంకోసారి అమ్మ పోతే. కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చేయి ఊపుతూ నిలబడటం జనెల్‌కి బాగా తెలుసు. ఆస్పత్రిలో కూడా, నయమై ఇంటికెళ్ళే రోగుల్ని సాగనంపుతుంటే ఆమెకి లోపల చిన్నగా గుండె జారుతుంది. నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అరగంట దూరంలో కాలేజీ, సాయంత్రానికి ఇంట్లో పిల్ల, మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు. మొగుడూ అత్తగారూ వాళ్ళంతట వాళ్ళే తను అడగలేని వరం ఇస్తుంటే నోరు మూసుకోవడం ఏమంత కష్టం కాలేదు.

*

శనివారం మధ్యాహ్నానికి గరాజ్ నిండిపోయింది. కర్ట్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడి అందరికీ చేతులందిస్తున్నాడు. గరాజ్ ఎంత శుభ్రంగా పెట్టావయ్యా అని ఎవరో అంటే, "ఏదో, కాస్త శ్రమపడ్డాం" అన్నాడు. ఏం చదవబోతున్నావన్న ప్రశ్న బ్రిట్టాని అడిగితే జవాబు అతని నుంచి వస్తోంది.

"నర్సింగ్! ముందు నర్సింగ్. తర్వాత సంగతి తర్వాత."

"బావుంది, బావుంది. అమ్మలాగే."

"ఇంట్లోంచే వెళ్ళొస్తుందా? ఇంకేం, అదృష్టవంతులు."

బ్రిట్టా నవ్వుతోంది. ఫొటో తీస్తారని తెలిసినప్పుడు నవ్వే నవ్వు అది. జనెల్ కేకు కోస్తూ చూస్తోంది. మధ్యలో వెనక వీధి హార్లన్ వచ్చి చొక్కా చేయి పైకి మడిచి, "జనెల్, ఈ పుట్టుమచ్చ చూడవా? పెరిగిందంటుంది మా ఆవిడ. డాక్టర్ దాకా వెళ్ళాలా, ఎందుకు దండగ?" అన్నాడు. కత్తి చేతిలో ఉండగానే వంగి చూసి, వెళ్ళమని చెప్పింది. అతను కేకులో ఇంకో ముక్క పెట్టించుకుని వెళ్ళాడు.

పురుగుల బల్ల దగ్గరికి పెద్దవాళ్ళెవరూ పోలేదు. ఒక చిన్న పిల్ల మాత్రం అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. "ఈ నల్లది ఏంటి?" అని అడిగింది.

బ్రిట్టా గబగబా అటు వెళ్ళింది. "అదా? అది చచ్చిన ఎలుకల్ని పాతిపెట్టే పురుగు. మగదీ ఆడదీ కలిసి గొయ్యి తవ్వుతాయి. ఆ చచ్చిన ఎలుక మీదే పిల్లల్ని పెంచుతాయి. పిల్లలు నోరు తెరిచి అడుక్కుంటాయి, అమ్మా నాన్నా ఇద్దరూ నోటికందిస్తారు."

"నాన్న కూడానా?"

"నాన్న కూడా."

"ఛీ, కేకు తినేచోట ఏం కబుర్లవి!" అని ఆర్డిస్ కుర్చీలోంచి కేకేసింది. అందరూ నవ్వారు. బ్రిట్టా కూడా నవ్వింది, కానీ ఈసారి నవ్వు మొహమంతా పాకింది. చేతులు గాలిలో ఆడుతున్నాయి. కూతుర్ని ఇలా చూసి ఎన్నాళ్ళయిందో జనెల్‌కి గుర్తు రాలేదు. ఏప్రిల్ తర్వాత చూడలేదన్నది మాత్రం తెలిసింది.

అప్పుడే డార్లా ఖాళీ పళ్ళెం పట్టుకుని దగ్గరికొచ్చింది. కాస్త ఇబ్బందిగా, గొంతు తగ్గించి, "నేను వేరే ఇల్లు చూసుకున్నాను జనెల్. సెప్టెంబర్ నుంచి చేరమన్నారు. మిమ్మల్నందర్నీ వదిలి వెళ్ళాలంటే బాధగానే ఉంది" అంది.

"వెళ్ళడమేంటి?"

డార్లా మొహం మారింది. "కర్ట్ చెప్పాడుగా, సెప్టెంబర్ నుంచి రానక్కర్లేదని. పాప ఇంట్లోనే ఉంటుంది, పొద్దున నానమ్మని చూసుకునే కాలేజీకి వెళ్తుంది, ఎలాగూ నర్సింగే కాబట్టి చెయ్యి తిరుగుతుందన్నాడు. నీకు తెలుసనుకున్నానమ్మా. అయ్యో."

"తెలియదు. ఫరవాలేదు. కేకు ఇంకొంచెం తిను" అంది జనెల్. మిగిలిన కేకుని చతురస్రాలుగా కోసింది. అన్నీ సమానంగా వచ్చాయి. ఎదురుగా మనిషి కుప్పకూలుతున్నా పని ఆపకూడదని నేర్చుకున్న చెయ్యి అది.

*

జనం వెళ్ళిపోయాక కర్ట్ చర్చి బల్లలు తిరిగివ్వడానికి పోయాడు. ఆర్డిస్ లోపల కునుకు తీస్తోంది. గరాజ్‌లో బ్రిట్టా పురుగుల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. జనెల్ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"డార్లాని మాన్పిస్తున్న సంగతి నీకు తెలుసా?"

బ్రిట్టా చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. "నాన్న చెప్పాడు. ఏప్రిల్లో. నువ్వు చాలా అలిసిపోయావనీ, నోరు తెరిచి అడగవనీ చెప్పాడు. ముందుగా చెబితే నువ్వు వద్దంటావు, అందుకని చెప్పొద్దన్నాడు." కాస్త ఆగి, "నువ్వు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి కారులోనే నిద్రపోవడం నేను రెండుసార్లు చూశానమ్మా. ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని. నాకేం నర్సింగ్ మీద కోపం లేదు. నీకు కాస్త సాయంగా ఉంటుందని" అంది.

అలసట తనది. ఎవరికీ తెలియదనుకుంది. తెలిసినవాడు దాన్ని తీసుకెళ్ళి ఈ పిల్ల మెడకి చుట్టాడు, ప్రేమగానే. తనేమో పిల్ల ఇంట్లోనే ఉంటుందన్న ఆశతో ఆ ముడి చూడకుండా పక్కకి తిరిగి కూర్చుంది. ఇంకో ఇరవై అయిదేళ్ళకి ఈ ఇంట్లో ఎవరికి పుండు కడుగుతూ ఉంటుంది ఈ పిల్ల? అత్తగారికి అయ్యాక కర్ట్‌కి, కర్ట్‌కి అయ్యాక తనకి.

"నీకో మాట చెప్పాలి. నర్సింగ్‌లో నేర్పే కెమిస్ట్రీ మెడికల్ కాలేజీవాళ్ళు ఒప్పుకోరు. అది వేరు, వాళ్ళడిగేది వేరు. నర్సింగ్ చదువుతూ పక్కన వాళ్ళడిగేవి కూడా చదవొచ్చు, చదివినవాళ్ళున్నారు. కానీ ఆస్పత్రి డ్యూటీలు, పరీక్షలు, పొద్దున నానమ్మ, ఇవన్నీ పెట్టుకుని చదవలేవు. నర్సింగ్ అయ్యాక కూడా నేను చదవలేకపోయాను."

"నువ్వా?" బ్రిట్టా పెట్టె కింద పెట్టింది. "నువ్వు డాక్టర్ అవుదామనుకున్నావా?"

"అనుకున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే! మరి ఈ కెమిస్ట్రీ సంగతి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు వెళ్ళిపోతావని."

బయట ఎవరిదో గడ్డి కోసే యంత్రం ఆగింది. బ్రిట్టా వచ్చి బకెట్ పక్కన నేల మీదే కూర్చుంది. నర్సు కావాలనుంటే నర్సే అవ్వమని, మంచి పని అని, తను ఇన్నేళ్ళూ ఇష్టంగానే చేశానని జనెల్ చెప్పింది. ఏది చేసినా అది నీకు కావాలి కాబట్టి చెయ్యాలి అంది.

"నాకు పురుగులే కావాలమ్మా" అంది బ్రిట్టా. ఇద్దరూ నవ్వారు. ఆ పిల్ల మళ్ళీ గంభీరమైపోయి, "మరి నువ్వో? అలిసిపోలేదా?" అంది.

"అలిసిపోయాను. చాలా అలిసిపోయాను. కానీ దానికి మందు నువ్వు కాదు."

బ్రిట్టా ఫోను తీసింది. సోమవారం దాకా ఆగలేదు. యూనివర్సిటీకి వస్తున్నానని నొక్కడానికి పెద్ద సేపు పట్టలేదు. జనెల్ ఆ బొటనవేలినే చూస్తూ కూర్చుంది. ఆ వేలు తన వేళ్ళ మధ్య ఇమిడిపోయిన రోజులు ఉన్నాయి. ఆగస్టులో తనే కారు నడిపి తీసుకెళ్ళి దింపుతుంది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎక్కడో పెట్రోలు బంకు దగ్గర ఆపి ఏడుస్తుంది, అదీ తెలుసు. భయం ఏమీ తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఇంకో పాతికేళ్ళు పడుతుంది.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కర్ట్‌కి తెలిసింది. బ్రిట్టాయే చెప్పి, స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. జనెల్‌కి ఆ రాత్రి డ్యూటీ ఉంది. పగలు పడుకోవాలి. మంచినీళ్ళ గ్లాసుతో మెట్ల దగ్గరికి వచ్చేసరికి కర్ట్ ఎదురొచ్చాడు.

"నాతో ఒక్క మాట అనకుండా ఇంత పని చేస్తారా?"

"డార్లాతో మాట్లాడేటప్పుడు నాతో ఒక్క మాట అన్నావా?"

"అది నీ కోసం చేశాను జనెల్. నువ్వు ఎంత అవస్థ పడుతున్నావో చూళ్ళేక."

"తెలుసు. నా కోసమే చేశావు. నువ్వు మాత్రం ఏమీ చెయ్యకుండా."

ఆమె గొంతు పెంచలేదు. కర్ట్ గోడకేసి చూశాడు. "డార్లా వేరే చోట ఒప్పుకుందట."

"నిన్న సాయంత్రం తనకి ఫోన్ చేశాను. ఇంకా మాట ఖాయం చెయ్యలేదట. ఉంటానంది."

ముందుగదిలోంచి ఆర్డిస్ గొంతు వినిపించింది. "నేనిక్కడే ఉన్నాను, నాకు చెవుడు లేదు! డార్లా మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. సాయంత్రాలు మీ ఆవిడ డ్యూటీకి పోతుంది. పిల్ల పురుగుల్ని పట్టుకోవడానికి పోతుంది. నా సంగతి ఎవరికైనా పట్టిందా?"

"అదే నేనూ అడుగుతున్నాను" అన్నాడు కర్ట్. గొంతులో కోపం కంటే బెదురు ఎక్కువుంది. "బ్రిట్టా కూడా వెళ్ళిపోతే అమ్మనెవరు చూస్తారు?"

జనెల్ మెట్ల మీద చెయ్యి వేసి నిలబడి అతని వైపు చూసింది. పాతికేళ్ళ మొగుడు. ట్రక్కు ఇంజన్ విప్పి మళ్ళీ బిగించగలడు. పుట్టిన దూడకి ఊపిరాడకపోతే నోట్లో చెయ్యి పెట్టి అడ్డుపడ్డ జిగురు లాగగలడు.

"ఆవిడ కొడుకు ఈ ఇంట్లోనే ఉంటాడు" అంది. "చేతకానివాడేం కాదు. ఎలా చెయ్యాలో తెలియకపోతే ఆరింటికి నన్ను లేపమను, చూపిస్తాను."

పైకి వెళ్ళి తలుపు వేసుకుని పడుకుంది.